రెండో లెవెల్ మనిషి

ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్ని యంత్రంలోకి పంపే డౌన్‌లోడ్ బొత్తాం మీదికి బాణం గుర్తును తెచ్చి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ల్యాప్‌టాప్ మూలన పది గంటల ఐదు నిమిషాలు. పదకొండింటికి హెడ్డాఫీసు వాళ్లు ముగ్గురు విచారణకు వస్తారు, ఈ ప్యానెల్ గదిలోనే నిలబడి అద్దంలోంచి స్టెరిలైజర్‌ని చూస్తారు, ఆపరేటర్ ఆవిరి బాబాయ్‌ని పిలిచి అడగాల్సింది అడుగుతారు, ఆయన ముందే రాసిచ్చిన మాటను మళ్లీ అంటాడు, సంతకాలవుతాయి, టీ తాగి వెళ్లిపోతారు. ఈలోపు రెండు నిమిషాలు చాలు. స్టెరిలైజర్ ఎలాగూ ఆగే ఉంది. తలుపు రబ్బరు మార్చడానికి గంటసేపు ఆపారు, మెకానిక్ తల లోపల పెట్టి పాత రబ్బరును పీకుతూ తనలో తను గొణుక్కుంటున్నాడు, ఇక్కణ్ణుంచి అతని నడుమూ బూట్లూ మాత్రమే కనిపిస్తున్నాయి. మామూలు రోజుల్లో ఈ యంత్రాన్ని రెండు నిమిషాలు ఆపమంటే ప్రొడక్షన్ వాళ్లు తమ ఇంట్లో పెళ్లి ఆపమన్నట్టు చూస్తారు. ఈ రోజు అడక్కుండానే ఆగింది. నొక్కితే ఎనిమిది నెలల కిందట పడాల్సిన తాళం ఇప్పుడు పడుతుంది, కాగితం మీద తను పెట్టిన సంతకం నిజమైపోతుంది. లోపల ఎక్కడో ఈ రోజు తేదీ నమోదవుతుంది, అయితే అవనీ, ఆ తేదీ ఎక్కడ వెతకాలో తెలిసిన మనిషి ఈ ఫ్యాక్టరీలో తనొక్కతే. నొక్కు మరి. ఎవరి కోసం చూస్తున్నావు. ఆమె మళ్లీ తెర వైపు చూసింది.

తాళమంటే పాస్‌వర్డే. స్టెరిలైజర్‌ని గదంత ప్రెషర్ కుక్కర్ అనుకుంటే, దాన్ని నడిపేది ఈ ప్యానెల్లో ఇటుకంత ఉన్న కంట్రోలర్. సెలైన్ సీసాల్ని ఎంత వేడిలో ఎంతసేపు ఉంచాలో దానికి చెప్పేది మనిషి, ఆ చెప్పే హక్కుకి మూడు లెవెల్స్. మొదటి లెవెల్ వాళ్లు చూడొచ్చు, ముట్టుకోకూడదు. రెండో లెవెల్ వాళ్లు తమ పాస్‌వర్డ్ కొట్టి టైమూ వేడీ మార్చుకోవచ్చు, అది షిఫ్టుకి ఒక్క ఆపరేటర్‌కే. మూడో లెవెల్లో ప్రోగ్రామంతా చేతిలో ఉంటుంది, అది ఆమెది. మా ఇంట్లోనూ ఇదే లెక్క బాబాయ్, అని ఒకసారి ఆవిరి బాబాయ్‌కి చెప్పింది, పిల్లాడిది మొదటి లెవెల్, ఫ్రిజ్ తెరిచి చూడొచ్చు, మా ఆయనది రెండు, పొయ్యి మంట తగ్గించొచ్చు, మా అత్తగారిది మూడు, ఆవిడ తలుచుకుంటే వంటే మారిపోతుంది. మరి నీదో, అన్నాడాయన. నాకింకా పాస్‌వర్డ్ ఇవ్వలేదు బాబాయ్, అంది. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వినప్పుడు కళ్లజోడు ముక్కు మీదికి జారుతుంది ఆయనకి. ముప్పయ్యొక్క ఏళ్లుగా ఈ స్టెరిలైజర్ పక్కనే ఉన్న మనిషి, గొట్టంలో పోయే చప్పుడు విని ఆవిరిలో తడి ఎంతుందో చెప్పేస్తాడని అందరూ ఆవిరి బాబాయ్ అన్నారు. ఆమె కొత్తగా చేరినప్పుడు మిగతావాళ్లు మేడమ్ మేడమ్ అంటూనే ఒక్క ముక్క నేర్పేవాళ్లు కారు. ఆయన మాత్రం గొట్టం పక్కన నిలబెట్టి, విను అమ్మాయ్, తడి ఆవిరి తుమ్ముతుంది, పొడి ఆవిరి ఊదుతుంది అని రోజూ వినిపించాడు, రెండు నెలలకు ఆమెకీ తెలిసింది. రెండో లెవెల్ పాస్‌వర్డ్‌ని కవర్లో పెట్టి ఇస్తే అక్కడే చదువుకుని, చీటీని ముక్కలు చేసి తాగేసిన టీ గ్లాసులో వేసి నానబెట్టాడు. భార్యకి కూడా చెప్పడట. అంత జాగ్రత్త ఉన్నవాడి మీదికే నేరం వచ్చింది. జాగ్రత్తపరుడు కాబట్టే వచ్చింది నిజానికి, పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పారా అంటే లేదని ఒట్టు పెట్టుకున్నాడు, చెప్పలేదంటే టైము మార్చింది నువ్వేగా అన్నారు.

ఎనిమిది నెలల కిందట ఆ రోజు ఏమైందో ఈ నాలుగు రోజుల్లో నలభైసార్లు తిరగేసి ఉంటుంది. మందుల ఫ్యాక్టరీలకు కొత్త నియమం వచ్చింది, ఎవరు పడితే వాళ్లు అంకెలు మార్చకుండా లెవెల్స్ పెట్టాలని. తన ల్యాప్‌టాప్‌లో మూడు లెవెల్స్ పెట్టింది, పాస్‌వర్డ్‌లు కొట్టింది, యంత్రంలోకి పంపబోతే కంట్రోలర్‌ని ఆపాలి అని తెర మీద వచ్చింది. లోపల సీసాలున్నాయి. బ్యాచ్ అయ్యాక చేసుకో అన్నాడు మేనేజరు. బ్యాచ్ అయ్యేలోపు బడి నుంచి ఫోను, పిల్లాడు మెట్ల మీంచి పడ్డాడని, ఆటో దొరక్క సగం దూరం పరిగెత్తింది, వాడికి ఏమీ కాలేదు, మోకాలు గీరుకుపోతే అయోడిన్ రాయించుకుని బిస్కెట్ తింటున్నాడు. యంత్రంలోకి పంపడం అలాగే ఉండిపోయింది, వారం తర్వాత తాళం పరీక్ష కాగితం టేబుల్ మీద ఉంది. పాస్‌వర్డ్ లేకుండా మార్చబోతే యంత్రం ఒప్పుకోలేదు, సరిచూశాను, అని ఒక గడి. ల్యాప్‌టాప్ తెరిచింది. పాస్‌వర్డ్ అడిగింది. తప్పుది కొట్టి చూసింది, రానివ్వలేదు. బావుంది అనుకుని టిక్కు పెట్టి సంతకం చేసింది. అడిగింది యంత్రం కాదు, ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైలు. ఫైలుకీ తాళం పెట్టుకుంది తనే, ఆ తాళాన్ని తనే తట్టి చూసి గట్టిగానే ఉందని మురిసింది. వీధి తలుపు బార్లా తీసి పెట్టి బీరువా తాళం లాగి చూసుకున్నట్టు. ఇలాంటి తప్పు వేరేవాళ్లు చేస్తే నవ్వేది కూడా. కాలేజీలో మొదటి ఏడాది పాఠం ఇది, ఫైలు వేరు, కంట్రోలర్ వేరు, పంపితే తప్ప ఇక్కడిది అక్కడికి పోదు. ఆ రోజు బడివాళ్లు ఫోను చెయ్యకపోతే, అనుకుంటుంది ఒక్కోసారి, వెంటనే సిగ్గేస్తుంది, మోకాలు గీరుకుపోయిన పిల్లాడి మీదికి నెడుతున్నావా దీన్ని.

పది ఇరవై. మెకానిక్ కొత్త రబ్బరును భుజానికి తగిలించుకుని మళ్లీ వంగాడు. మొన్నామధ్య ఇరవై నిమిషాలు ఉడకాల్సిన సీసాలు పన్నెండు నిమిషాలే ఉడికాయి. రెండు బ్యాచ్‌లు. బయటికి పోకముందే ల్యాబ్ ఆవిడ ప్రింటు కాగితంలో ఆ అంకె చూసి ఆపింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ నీళ్లు ఎవరెవరి నరాల్లోకి ఎక్కేవో. ముందు బ్యాచ్‌లో ఇరవై, తర్వాతి దాంట్లో పన్నెండు, మధ్యలో ఉన్నది ఆవిరి బాబాయ్ షిఫ్టు. మూడో లెవెల్ మనిషి, అంటే తను, ఆ రోజు సెలవు. రెండో లెవెల్ మనిషి ఆయనొక్కడే. నేను ముట్టుకోలేదు సార్ అన్నాడు మొదటి రోజు, గట్టిగానే అన్నాడు. నువ్వు ముట్టుకోకపోతే అంకె దానంతటదే దిగిందా, తాళం ఉంది కదా, తాళంచెవి నీ దగ్గరే ఉంది కదా, అన్నాడు మేనేజరు, కోపంగా కూడా కాదు, లెక్క చెప్పినట్టు. రెండో రోజు మళ్లీ అడిగారు. మూడో రోజు ఆయన గొంతు తగ్గింది. ఆ రోజు వేరే యంత్రం దగ్గర పన్నెండు అని ఏదో రాసిన గుర్తుంది సార్, అన్నాడు. ఆ తర్వాత, పొద్దున కళ్లజోడు ఎక్కడ పెట్టానో వెతుక్కున్నాను సార్, అన్నాడు. అరవైకి దగ్గరపడ్డ ఏ మనిషి కళ్లజోడు వెతుక్కోడు? కానీ అనుమానం పెనుభూతం, అది అవతలివాళ్ల మీద వస్తే ఒక బాధ, తన మీద తనకే వస్తే ఇంక దానికి అంతులేదు. నేనే మార్చి ఉంటాను, నాకు గుర్తు లేదు, అని రాసిచ్చాడు. ఆ అక్షరాలు ఆమె చూసింది. గుర్తు దగ్గర కలం ఆగిపోయి సిరా మరక పడింది. ఇంటికి పంపేశారు, విచారణ అయ్యేదాకా రావద్దన్నారు, ఆయన డబ్బాలో ఉన్న టీపొడి అలాగే ఉంది.

సోమవారం పొద్దున మేనేజరు స్టోర్లోంచి ఇంకో ల్యాప్‌టాప్ ఇప్పించాడు, విచారణ వాళ్లకు చూపించడానికి యంత్రంలో ఉన్నదంతా తీసి పెట్టమన్నాడు. కొత్త ల్యాప్‌టాప్, అందులో ఆమె ఫైలు లేదు. వైరు పెట్టింది. పాస్‌వర్డ్ అడుగుతుందని వేళ్లు సిద్ధంగా పెట్టుకుంది. అడగలేదు. ప్రోగ్రామంతా వచ్చేసింది. వైరు తీసి మళ్లీ పెట్టింది, మళ్లీ వచ్చింది. టైము పేజీ తెరిచి ఇరవైని ఇరవై ఒకటి చేసింది, అయింది. మళ్లీ ఇరవై చేసింది. అంటే ఎనిమిది నెలలుగా ఈ కంట్రోలర్ ఎవరు ఏం చెప్పినా తలాడిస్తోంది. ఆపరేటర్లెవరికీ అంకె మార్చే పని పడలేదు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. వైరు ఉన్న ఎవరైనా. ఆ వారం కన్వేయర్ బాగుచేయడానికి బయటివాళ్లు వచ్చారు, ముగ్గురు, ప్యాకింగ్ లైను అంకెలన్నీ మార్చారు, ఒకే నెట్‌వర్కు, ఒకే రకం కంట్రోలర్లు, ఒకదాని బదులు ఇంకోటి తెరిచి పన్నెండు కొట్టడానికి ఎంతసేపు? వాళ్లే అని ఆమె అనలేదు. ఎవరైనా కావచ్చు అంతే. నేనే చేశానా అని కూడా అనుకుంది ఒక క్షణం, ట్రయల్ చూసినప్పుడు టైము తగ్గించి మళ్లీ పెంచడం మరిచిపోయానా అని, డైరీ తీసి సెలవు తేదీ మీద వేలు పెట్టి మూడుసార్లు చదివింది. మూడుసార్లు చదివినా నమ్మకం కుదరలేదు. అప్పుడు తెలిసింది బాబాయ్ ఆ మూడు రోజులూ ఎలా గడిపాడో. తెలిసి ఏం చేసింది? ల్యాప్‌టాప్ మూసి బీరువాలో పెట్టింది. కాసేపాగి చెబుదామనుకుంది, మధ్యాహ్నం చెబుదామనుకుంది. తప్పుడు సంతకానికి మందుల ఫ్యాక్టరీలో ఒకటే శిక్ష, ఉద్యోగం పోతుంది, ఇంకో ఫ్యాక్టరీ గేటు దగ్గర కూడా నిలబడనివ్వరు. రాత్రి అన్నం ముందు కూర్చుని భర్తకి చెప్పింది.  బాబాయ్‌కి ఇంకో ఏడాదే కదా సర్వీసు, నీకు ఇరవై ఏళ్లుంది, అన్నాడు. చెడ్డవాడు కాదు. అలా అంటాడని తెలిసే ఆయనకి చెప్పింది.

మంగళవారం మేనేజరు వరండాలో ఎదురై, ఏంటమ్మా నిద్రపోలేదా అన్నాడు, ఏం లేదు సార్ పిల్లాడి పరీక్షలు అంది, మరీ తొందరగా అంది. గుమ్మడికాయల దొంగ అనక ముందే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. బుధవారం క్యాంటీన్లో రెండో షిఫ్టు ఆపరేటర్ చెబుతున్నాడు, ఆవిరి బాబాయ్ ఇంట్లో అగ్గిపెట్టె దాచేస్తున్నారట, స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోతాడేమోనని, రోడ్డు మీదికి ఒక్కణ్ణీ పంపడం లేదట, ఆయన కూడా కాదనకుండా చెప్పింది విని కూర్చుంటున్నాడట. పాపం, వయసు, అన్నారెవరో. ఆమె ప్లేట్లో అన్నం కలిపి కలిపి వదిలేసింది. ఏ వయసు? ఆవిరి తుమ్మితే పక్క గదిలోంచి లేచొచ్చే చెవులవి. ముప్పయ్యేళ్ల కిందటి బ్యాచ్ నంబర్లు పందెం కట్టి చెప్పేవాడు, గెలిచిన టీలు తాగలేక పక్కవాళ్లకి ఇచ్చేవాడు. ఆ తలలోకి దూరి ఎవరో ఒక అంకె మార్చేసినట్టుంది, పాస్‌వర్డ్ లేకుండానే. ఎవరో ఏంటి, నువ్వే. పన్నెండు కొట్టింది ఎవరైనా కానీ, నువ్వే మరిచిపోయావు అని ఆయన్ని నమ్మించింది ఆ గడిలోని టిక్కు. గురువారం చెబుదామనుకుంది. గురువారం సాయంత్రం మేనేజరు పిలిచి, రేపు పదికి తలుపు రబ్బరు మారుస్తున్నారు, విచారణ వాళ్లు వచ్చేలోపు అంతా సవ్యంగా ఉందో లేదో ఒకసారి చూసుకో అన్నాడు. ఆయనకేమీ తెలియదు. సవ్యంగా అన్న మాట పట్టుకుని రాత్రంతా అటూ ఇటూ దొర్లింది, పొద్దున తన ఫైలున్న పాత ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వచ్చింది. పెట్టుకునేటప్పుడే తెలుసు ఎందుకో.

పది ముప్పై రెండు. నొక్కింది. వేలు నొక్కిందో తను నొక్కిందో. తెర మధ్యలో చిన్న గడి తెరుచుకుంది. కంట్రోలర్ ఆగుతుంది, కొనసాగించాలా? అవును. కాదు. రెండే. ఎనిమిది నెలల కిందట కనిపించిన గడే, అప్పుడు కాదు అన్నది నొక్కి బ్యాచ్ అయ్యాక చూద్దామనుకుంది, అప్పుడు అవును నొక్కాల్సింది. చేతులు కాలాక ఆకులు. ఇప్పుడు అవును నొక్కితే పదకొండింటికి వాళ్లు అడుగుతారు, తాళం పని చేస్తోందా అని, చేస్తోంది సార్, చూడండి, అంటుంది, అబద్ధం కూడా కాదు. ఆయన ఇంటికి వెళ్తాడు. అగ్గిపెట్టె దాచిన ఇంటికి. రిటైరైపోయిన మతిమరుపు మనిషిగా బతుకుతాడు, ఇంకో పదేళ్లో ఇరవయ్యేళ్లో, ప్రతి పొద్దునా నిన్న ఏం చేశానని తనని తనే అడుగుతూ. తను ఇక్కడే ఉంటుంది, మూడో లెవెల్లో, గొట్టం పక్కగా నడిచినప్పుడల్లా ఆయన నేర్పిన చప్పుడు వింటూ. పిల్లాడి ఫీజులు, అత్తగారి మందులు, వాటన్నిటినీ ఒక్కొక్కటే తెచ్చి ఎదురుగా నిలబెట్టుకుంది, నిలబడ్డాయి, ఏదీ తప్పుకోలేదు. భయమేసింది, ఊరికే భయం. తెర మీద గడి అలాగే ఉంది. దానికేం తొందర.

తలుపు చప్పుడైతే మేనేజరే అనుకుని ల్యాప్‌టాప్ సగం మూసింది. ఆవిరి బాబాయ్. ఉతికిన చొక్కా, గడ్డం ఒక పక్క సరిగ్గా గీసుకోలేదు. ముప్పయ్యొక్క ఏళ్లు తిరిగిన గది గడప దగ్గర నిలబడి, రావచ్చా అని అడిగాడు. భార్య గేటు దాకా తీసుకొచ్చిందట, సెక్యూరిటీ వాళ్లు ఆవిణ్ణి అక్కడే కూర్చోబెట్టారట. పదకొండింటికని తెలుసు, చివరిసారి దీన్ని ఒకసారి చూసుకుందామని ముందొచ్చానన్నాడు. అద్దం దగ్గరికి వెళ్లి స్టెరిలైజర్ వైపు చూశాడు, మెకానిక్ రబ్బరును ఎడమ పక్కనుంచి మొదలెట్టాడని, కింద నుంచి మొదలెడితే మడతపడదని తనలో తను అనుకున్నాడు. ఎప్పుడూ కూర్చునే స్టూలు పక్కనే ఉన్నా కూర్చోలేదు. ఆమె ల్యాప్‌టాప్ తెరిచి, కాదు అన్నది నొక్కింది. గడి మూసుకుంది. బీరువాలోంచి స్టోరు ల్యాప్‌టాప్ తీసి, వైరు దానికి మార్చి, టైము పేజీ తెరిచి ఆయన వైపు తిప్పింది.

"బాబాయ్, ఆ ఇరవైని పందొమ్మిది చెయ్యండి."

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నా పాస్‌వర్డ్ తీసేశారమ్మాయ్."

తెలుసు, చెయ్యండి, అంది. ఒంటివేలితో ఒకటి నొక్కాడు, తొమ్మిది నొక్కాడు, ఎంటర్ నొక్కాడు. అంకె పందొమ్మిది అయింది. ఆయన అది పాస్‌వర్డ్ అడుగుతుందని వేలు గాల్లోనే ఉంచి చూశాడు. కాసేపటికి వేలు దించాడు. అడగలేదేంటి, అన్నాడు. ఎవరినీ అడగదు బాబాయ్, ఎనిమిది నెలల నుంచీ అడగదు, తాళం వేశాననుకున్నాను, పడలేదు, పడిందని సంతకం పెట్టాను, ఆ రోజు వైరున్న ఎవరైనా మార్చి ఉండొచ్చు, అని గబగబా చెప్పేసింది. క్షమాపణ కోసం నాలుగు రోజులుగా పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఆయన పందొమ్మిది వైపే చూస్తున్నాడు.

"అయితే నేను మరిచిపోలేదా?"

"లేదు బాబాయ్."

కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. ఇప్పుడు తిడతాడు అనుకుంది, తిడితే బావుండుననుకుంది.

"నీకెప్పుడు తెలిసింది?"

ఇప్పుడే అన్న మాట నాలుక చివర దాకా వచ్చింది. అంటే నమ్మేవాడు.

"సోమవారం."

"పొద్దునా, సాయంత్రమా?"

"పొద్దున."

ఆయన తలాడించాడు. "మంగళవారం నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. తెల్లకాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీసి అంకెలు వెయ్యమన్నాడు. అన్నీ ఒకే పక్కకి వచ్చేశాయి, భయానికి. మా ఆవిడ ఆ కాగితం చూసి అక్కడే ఏడ్చేసింది."

 ఆయన ల్యాప్‌టాప్ మీదికి వంగి రెండు నొక్కాడు, సున్నా నొక్కాడు, ఎంటర్ నొక్కి అంకె మారేదాకా చూశాడు. ఇరవై చేశాను, నేనే చేశాను, చూశావుగా, అన్నాడు. చూశానంది. వరండాలో మేనేజరు నవ్వుతూ ఎవరికో దారి చెబుతున్నాడు, నాలుగు జతల బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. ఆయన కళ్లజోడు సరిచేసుకుని గడప వైపు తిరిగాడు.

"వాళ్లకి చెప్పేటప్పుడు, సోమవారం అని కూడా చెప్పమ్మాయ్."

చెబుతానని ఆమె లేచి నిలబడింది.